ఆ రెండేళ్ళ ఖాళీ

మా ముందుగదిలో ఇంటర్వ్యూలు మొదలవడానికి కారణం ఒక పెద్ద ఉద్యోగస్థురాలు మాటిచ్చి రాకపోవడం.

మా కోడలు అప్పుడు బిజినెస్ స్కూల్లో రెండో ఏడు చదువుతోంది. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో పుస్తకాల సంచీ తగిలించుకుని బయల్దేరుతుంటే పక్కింటివాళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పడానికి వెళ్తోందనుకునేవాళ్ళు. ఆ చదువు చివర్లో ఆరు వారాలపాటు కంపెనీలు వచ్చి, కూర్చోబెట్టి ప్రశ్నలడిగి, నచ్చినవాళ్ళకి ఉద్యోగాలిచ్చి పోతాయి. దాన్ని వాళ్ళు సీజన్ అంటారు. నాకు తెలిసిన సీజన్లు రెండే, వానలు, సెలవుల రద్దీ.

అసలు ఇంటర్వ్యూకి ముందు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేసుకుని నోరు తిరిగేట్టు చూసుకోవాలట. కాలేజీలో అందుకు గదులున్నాయి. కానీ మగపిల్లలు అక్కడే హాస్టల్లో ఉంటారు కదా, తెల్లారేసరికి గదులన్నీ తమ పేరున రాసేసుకునేవాళ్ళు. వాళ్ళకి నేర్పడానికి అన్నయ్యలు, బాబాయిలు, పాత సీనియర్లు బోలెడుమంది. ఇళ్ళల్లోంచి వచ్చి చదువుకునే ఆడవాళ్ళకి మిగిలింది జిరాక్స్ మెషిన్ పక్క గది ఒక్కటే. దానికి తలుపు లేదు.

అందుకని నలుగురు కలిసి ఓ జట్టు కట్టారు. మా కోడలు ఒకతె. రెండోది పళ్ళ డాక్టరు, ఆరేళ్ళు జనం నోళ్ళలోకి చూసి చూసి విసుగెత్తి ఈ చదువుకొచ్చింది. మూడోదాన్ని నేను నిచ్చెన అనేదాన్ని, మా గుమ్మంలోకి తల వంచుకునే రావాలి మరి. నాలుగోది అందరిలోకీ చిన్నది, సారీ పిల్ల. ఆ పేరెందుకొచ్చిందో చెప్తాను. అందరికీ ఉద్యోగాలొచ్చేదాకా ఎవరూ జట్టు విడవకూడదని వాళ్ళ ఒప్పందం. ఎవరు ఏ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చినా అక్కడ అడిగిన ప్రశ్నలు చీటీల మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వెయ్యాలి. ఆ డబ్బా మా ఇంట్లో ఉండేది, బిస్కెట్లు మాత్రం మొదటి రోజే అయిపోయాయి.

ఆ కాలేజీలోనే చదివి ఎక్కడో పెద్ద ఉద్యోగం వెలగబెడుతున్న ఒకావిడ ఆదివారం మూడింటికి వచ్చి ప్రశ్నలడుగుతానంది. మూడుంబావుకి ఫోను, మీటింగులో ఇరుక్కుపోయానని. ఆదివారం మధ్యాహ్నం మీటింగేమిటో నాకైతే అర్థం కాలేదు. నలుగురూ ఇస్త్రీ చేసిన బట్టల్లో ముస్తాబై మా సోఫాలో డీలాపడిపోయారు.

"ప్రశ్నల కాగితం ఉందిగా, ఇలా తే. నేనడుగుతా," అన్నాను.

కోడలూ మా అబ్బాయీ మొహాలు చూసుకున్నారు.

"అమ్మా, మరీ కౌంటర్లో అడిగినట్టు అడక్కు," అన్నాడు మావాడు.

"కౌంటర్లో నేనేం చేశానురా?"

"ఒకాయన ఏడ్చాడు కదా."

"ఆయన వరుసలో నిలబడ్డప్పట్నుంచీ ఏడుస్తున్నాడు."

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్ స్టేషన్లో మూడో నంబరు కౌంటర్లో టికెట్లు కొట్టాను. రోజుకి ఆరేడువందల మొహాలు. మీసాలొచ్చిన కొడుకుని వెనక నిలబెట్టుకుని అర టికెట్టు అడగబోయే తల్లిని ఆమె నోరు విప్పకముందే పట్టేసేదాన్ని. నా దగ్గర ఎవరి పప్పులూ ఉడకలేదని మావాళ్ళంతా చెప్పుకునేవాళ్ళు. నేనూ చెప్పుకునేదాన్ని.

కాబట్టి వంటింటి బల్ల తెప్పించి గుమ్మానికి అడ్డంగా వేయించాను. నేను లోపల, వాళ్ళు బయట వరండాలో వరుసగా. చేతికర్ర కుర్చీకి ఆనించి, కళ్ళజోడు పెట్టుకుని, "రండి," అన్నాను.

పళ్ళ డాక్టరు వచ్చింది. మీ గురించి చెప్పండి అన్నది కాగితంలో మొదటి ప్రశ్న. ఆ పిల్ల ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి, నాలుగు నిమిషాలైనా ఇంకా హైస్కూలు దాటలేదు.

"అమ్మాయ్, నువ్వెక్కడికి వెళ్ళాలి?" అన్నాను.

"అంటే?"

"కౌంటరు దగ్గరికొచ్చి, మా చెల్లెలికి నెప్పులొస్తున్నాయి, మా ఆయన నిన్నే రావాల్సింది, అని మొదలెడితే నేనేం టికెట్టు కొట్టను? ఊరిపేరు ముందు చెప్పాలి. కథ తర్వాత, టైముంటే."

ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. "ఆసుపత్రులు నడిపే కంపెనీలో పని కావాలి. ఆరేళ్ళు లోపలే ఉన్నాను, ఏది ఎక్కడ ఆగిపోతోందో నాకు తెలుసు."

"అదీ. తరవాతివాళ్ళు."

నిచ్చెన వచ్చి ఊరిపేరు ముందే చెప్పింది. మంచి పిల్ల, పక్కవాళ్ళ తప్పుల్లోంచి నేర్చుకునే రకం. సారీ పిల్ల వస్తూ వస్తూ "సారీ, రావచ్చా?" అంది. బల్లకి మోకాలు తగిలితే బల్లకి సారీ చెప్పింది. అడిగిన ప్రతిదానికీ ముందొకటి వెనకొకటి. పది నిమిషాల్లో పదకొండు లెక్కపెట్టాను. సారీకొక టీకప్పు కడగాలని శిక్ష వేశాను. ఆ రోజు మా ఇంట్లో ఎంగిలి కప్పులు తొమ్మిదే ఉన్నాయి. మావాడు అలమరలోంచి కడిగిన కప్పులు రెండు తీసి తెచ్చి ఇచ్చాడు.

చివరికి కోడలు.

ఆమె వివరాల కాగితం అప్పుడే మొదటిసారి చదివాను. ఒకే ఇంట్లో ఉంటాం కదా, చదివేదేముంది అనుకుంటాం. బిస్కెట్ల ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో షిఫ్టు సూపర్వైజరు, చేతికింద నలభై రెండు మంది. ఆఖరి ఏడు మార్చిలో ఫ్యాక్టరీ మొత్తంమీద ఉత్తమ షిఫ్టు బహుమతి. ఏప్రిల్‌లో రాజీనామా. ఆ తర్వాత రెండేళ్ళు ఏమీ రాసి లేదు.

ప్రశ్నల కాగితంలో తొమ్మిదోది అదే.

"ఈ రెండేళ్ళూ ఖాళీ ఏమిటి?" అన్నాను.

"కుటుంబ కారణాల వల్ల," అంది కోడలు.

"నీళ్ళు నమలకు. ఏం కారణాలు?"

"ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేక."

"ఎవరికి?"

కోడలు నా మొహం వంక చూడలేదు. పళ్ళ డాక్టరు కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టింది. సారీ పిల్ల కప్పులు కడుగుతున్న చప్పుడు ఆగింది.

ఆ ఏప్రిల్‌లో నేను స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. మొదటి ఆపరేషన్ సరిగ్గా అతకక రెండోది చేశారు. కోడలు ఉద్యోగం మానేసి ఇంట్లో ఉండిపోయింది. ఎందుకమ్మా మానేశావంటే, "విసుగొచ్చింది అత్తయ్యా, రోజూ అవే డబ్బాలు, ఎప్పట్నుంచో మానేద్దామనుకుంటున్నా," అంది. నేను నమ్మాను. పైగా మంచి టైముకి మానేసిందని మనసులో సంతోషించాను కూడా. మార్చిలో బహుమతి వచ్చిందని నాకెవరూ చెప్పలేదు.

"తరవాతివాళ్ళు," అన్నాను. తరవాత ఎవరూ లేరు.

ఆ ఆదివారం తర్వాత బుధవారాలూ ఆదివారాలూ మా ఇల్లు కళకళలాడిపోయింది. ఆంటీ అన్నవాళ్ళు అత్తయ్యా అనడం మొదలుపెట్టారు. మా అబ్బాయి కళ్ళద్దాల షాపు మూసి వచ్చేసరికి గుమ్మంలో బల్ల అడ్డం ఉండేది, వాడు కూడా తన ఇంట్లోకి రావడానికి ఏదో ఒక ప్రశ్నకి జవాబు చెప్పాల్సి వచ్చేది. ఇంకో అయిదేళ్ళలో మీరెక్కడుంటారని నిచ్చెన అడిగితే, "ఈ బల్లకి అటుపక్క," అన్నాడు పాపం.

రెండో వారంలో నిచ్చెనకి ఉద్యోగం వచ్చింది. ఒప్పందం ప్రకారం ఆ బుధవారం కూడా వచ్చి, మిగతావాళ్ళ కోసం డబ్బాలో ఆరు చీటీలు వేసి, కొత్త బిస్కెట్లు కూడా తెచ్చింది. మూడో వారంలో పళ్ళ డాక్టరుకి. నాలుగో వారంలో సారీ పిల్ల ఇంటర్వ్యూ నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"అత్తయ్యా, ఒక్కటి కూడా అనలేదు! ఆయనే పెన్ను కింద పడేసుకుని నాకు సారీ చెప్పాడు."

"నువ్వేమన్నావ్?"

"ఫరవాలేదండీ అన్నా."

ఉద్యోగం వచ్చింది. ఆ సంతోషంలో కప్పులన్నీ తనే కడిగింది, అలవాటైపోయి.

మా కోడలికి మాత్రం రాలేదు. మూడు కంపెనీలు పిలిచాయి, మూడూ ఆ తొమ్మిదో ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. మొదటిచోట, ఇంట్లో ఊరికే కూర్చున్నారా అన్నారట. రెండోచోట ఏమీ అనకుండా తలాడించారట, అది ఇంకా అన్యాయం. మూడోచోట ఒకాయన, "మళ్ళీ అలాంటి కారణాలు రావని గ్యారంటీ ఏమిటండీ?" అన్నాడట. ఆ చీటీ డబ్బాలోంచి తీసి చదివినప్పుడు నా ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆ గ్యారంటీ ఇవ్వాల్సింది నేను, నన్నెవరూ అడగలేదని.

ఇంతలో పాత బిస్కెట్ల ఫ్యాక్టరీ నుంచి కబురొచ్చింది, కావాలంటే వచ్చి చేరమని. షిఫ్టు సూపర్వైజరుగా కాదు, సూపర్వైజరు కింద సహాయకురాలిగా. ఆ సూపర్వైజరు ఒకప్పుడు మా కోడలి దగ్గర పని నేర్చుకున్న మనిషే. సీజన్ అయ్యేలోపు ఏమీ రాకపోతే వెళ్తానని ఈమె ఒప్పుకుంది. ఇంక రెండు వారాలే ఉంది. రావలసిన కంపెనీల్లో తనకు సరిపోయేది ఒకటే మిగిలింది, మందుల గోదాములు నడిపేది.

డాబా మీద బట్టలు ఆరేస్తుంటే మెట్లెక్కి వెళ్ళి పట్టుకున్నాను. పద్దెనిమిది మెట్లు.

"ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు. మా అత్తగారు మంచాన పడితే చూసుకున్నానని."

"చెప్పను అత్తయ్యా."

"ఏం?"

"ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్ళ ముందు మిమ్మల్ని భారం అని చెప్పుకుని ఉద్యోగం అడుక్కోనా?"

"భారమే కదే. డెబ్బై నాలుగు కిలోలు. ఎత్తింది నువ్వే, నీకు తెలీదా?"

కోడలికి నవ్వొచ్చింది, ఆపుకోబోయి దుప్పటి వెనక్కి వెళ్ళింది.

"విసుగొచ్చి మానేశానన్నావు నాతో," అన్నాను దుప్పటితో.

దుప్పటి మీద ఇంకో క్లిప్పు పడింది.

"అలా చెప్పకపోతే మీరు పడుకునేవాళ్ళా? ఆ కాలుతోనే లేచి వంట చేస్తానని గొడవ పెట్టేవాళ్ళు."

నిజమే, పెట్టేదాన్ని. ముప్ఫై ఒక్క ఏళ్ళు అర టికెట్టు దొంగల్ని పట్టిన మనిషిని, నా మంచం పక్కనే ఇంత పెద్ద అబద్ధం కూర్చుంటే కనిపెట్టలేకపోయాను. నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. బట్టల క్లిప్పులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

ఆ బుధవారం ఉద్యోగాలొచ్చిన ముగ్గురూ వచ్చారు. బల్ల గుమ్మంలో కాకుండా గది మధ్యలో వేయించి, "ఆ రెండేళ్ళలో ఈమె ఏం చేసిందో రాయండి, నేను చెప్తా," అన్నాను. కోడలు వద్దంటే వద్దంది. నిచ్చెన ఆమెని భుజాలు పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది.

నేను చెప్పుకుపోయాను. మందులకి గోడమీద పట్టిక, గంట గంటకీ టిక్కులు. వ్యాయామం చేయించే మనిషి రాని రోజున తనే నేర్చుకుని చేయించడం. ఆసుపత్రి వాళ్ళు రెండో ఆపరేషన్‌కి మూడు నెలలాగమంటే, ఫైలు చంకలో పెట్టుకుని మూడు ఆసుపత్రులు తిరిగి పదకొండో రోజున చేయించడం. ముగ్గురు ఆయాలు మానేస్తే నాలుగో ఆయాని నిలబెట్టడం.

"ముగ్గురెందుకు మానేశారత్తయ్యా?" అని అడిగింది సారీ పిల్ల.

"రాయి, అసహనం గల రోగి అని రాయి."

పళ్ళ డాక్టరు అదంతా కాలేజీ భాషలోకి మార్చింది. మార్చాక చూస్తే నేను ఓ చిన్న కర్మాగారంలా ఉన్నాను. ఇదంతా కొట్టేయమన్నాను. ఊరిపేరు ముందు. చివరికి ఆ ఖాళీలో రెండే వాక్యాలు మిగిలాయి. ఇంటివద్ద ఒక రోగి సంరక్షణ, రెండేళ్ళు. ఫలితం: రోగి నడుస్తోంది.

మందుల గోదాముల వాళ్ళు సోమవారం పిలిచారు. కోడలు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చుంది.

"ఒక్కో పనికీ ఒక్కొక్కరి నంబరు అడిగారత్తయ్యా, ఫోన్ చేసి కనుక్కోడానికి. ఆ రెండేళ్ళకీ మీ నంబరిచ్చాను."

మా అబ్బాయి చేతిలో టీకప్పు అలాగే ఆగిపోయింది. "అమ్మ నంబరా?" అన్నాడు.

వాడి భయం వాడిది. మర్నాడు జట్టంతా దిగింది, ఈసారి నాకు ఇంటర్వ్యూ. వాళ్ళు నలుగురూ బల్లకి అటు, నేను ఇటు, వరండాలో. నాకు చచ్చేంత కోపం వచ్చింది గానీ న్యాయం న్యాయమే.

"ఆవిడ పని ఎలా ఉండేదండీ?" అంది పళ్ళ డాక్టరు గొంతు మార్చి.

"బాగానే ఉండేది. టీ మాత్రం నీళ్ళలా పెడుతుంది."

"ఒక కప్పు," అంది సారీ పిల్ల.

మూడు గంటల్లో ఏడు కప్పులు కడిగాను. చివరికి జవాబులన్నీ పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసిచ్చారు. ఆఖరిది మాత్రం పదేపదే అప్పజెప్పించారు. అవకాశం ఉంటే ఆవిణ్ణి మళ్ళీ పనిలోకి తీసుకుంటారా అని తప్పకుండా అడుగుతారట, తప్పకుండా తీసుకుంటాను అని నేను తడుముకోకుండా చెప్పాలట. అంతా ఆ ఒక్కదానిమీదే ఉంటుందని నిచ్చెన రెండుసార్లు చెప్పింది. కాగితం బిస్కెట్ల డబ్బా కింద పెట్టాను, నా ఫోను ఛార్జింగు పెట్టుకునే చోటే.

గురువారం పొద్దున్న ఫోను మోగింది. అప్పుడు నేను ఇంట్లో లేను. మూడు వీధులవతల కూరగాయల కొట్టు ముందు, ఒక చేత్తో సంచీ, ఒక చేత్తో కర్ర. కొన్నాళ్ళుగా పొద్దున్నే ఒక్కదాన్నే వెళ్తున్నాను. కర్ర కొట్టు గోడకి ఆనించి, సంచీలోంచి సెల్‌ఫోను తీసి ఎత్తాను. కాగితం ఇంట్లో ఉంది.

"మందుల గోదాముల కంపెనీ నుంచండీ. ఆ రెండేళ్ళకీ మీ నంబరు రాశారు. ఆవిడకి మీరేమవుతారు?" ఒక ఆడగొంతు. కుదురుగా ఉంది.

"రోగిని. అంతకుముందు అత్తగారిని."

"ఓ. ఆవిడ పని గురించి చెప్తారా?"

"ముగ్గురు మానేశారు. ఈమె మానలేదు."

"వాళ్ళెందుకు మానేశారండీ?"

"నావల్ల."

అవతల టైపు చేస్తున్న చప్పుడు. కొట్టువాడు వంకాయలు తూచడం ఆపేసి వింటున్నాడు.

"ఆవిడలో లోపాలేమైనా ఉంటే?"

"అరవాల్సిన చోట కూడా అరవదు. ఒక అబద్ధం ఆడింది, నాతో. మంచి ఉద్యోగం, బహుమతి వచ్చిన ఉద్యోగం, విసుగొచ్చి మానేశానంది. నేను నిశ్చింతగా పడుకోవాలని."

టైపు చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది.

"ఆఖరి ప్రశ్నండీ, ఇది అందర్నీ అడిగేదే. అవకాశం ఉంటే ఆవిణ్ణి మళ్ళీ పనిలోకి తీసుకుంటారా?"

తప్పకుండా తీసుకుంటాను అన్నది నా నాలుక చివరనే ఉంది. నేను కర్ర వంక చూశాను. అది గోడ దగ్గరుంది. నేను దానికి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను, ఎంతసేపట్నుంచో.

"తీసుకోను," అన్నాను.

"అండీ?"

"నా దగ్గర ఆ పని అయిపోయిందమ్మా. మూడు వీధులు దాటి కూరగాయలకి ఒక్కదాన్నే వచ్చాను. మళ్ళీ నాకోసం ఎవరూ ఏదీ మానెయ్యక్కర్లేదు. మీ దగ్గర పనుందన్నారుగా, మీరు తీసుకోండి."

"ఈ ఫారంలో అవును, కాదు అని రెండే గళ్ళున్నాయండీ," అంది ఆమె మెల్లిగా.

"కాదు అన్న గడిలో టిక్కు పెట్టండి. పక్కన కాస్త చోటుంటే రోగి నడుస్తోందని రాయండి."

సాయంత్రం జట్టుకి సంగతి చెప్పేసరికి నిచ్చెన తల గుమ్మానికి కొట్టుకుంది, నిజంగానే. "అలా అనేశారా అత్తయ్యా?" అని పళ్ళ డాక్టరు తల పట్టుకుంది. మా అబ్బాయి నాకేసి చూసి, చూసి, షాపుకి తిరిగి వెళ్ళిపోయాడు. కోడలు మాత్రం కుర్చీ నా దగ్గరికి లాక్కుంది. ఎలా అన్నారో మళ్ళీ ఒకసారి చెప్పమంది. చెప్పాను. లేచి వంటింట్లోకి వెళ్ళి కొళాయి విప్పింది. కడగడానికి అక్కడ ఒక్క కప్పు కూడా లేదు, కొళాయి మాత్రం చాలాసేపు పారింది.

సోమవారం ఉత్తరం వచ్చింది. గోదాము మేనేజరు, చేతికింద అరవై మంది. బిస్కెట్ల డబ్బా నిండా చీటీలు అలాగే ఉన్నాయి, వచ్చే ఏడాది జట్టుకట్టే పిల్లలకి ఇస్తారట. వాళ్ళకి ప్రశ్నలడగడానికి పెద్ద ఉద్యోగం ఆవిణ్ణి మళ్ళీ పిలుద్దామా అని సారీ పిల్ల అడిగితే, "ఆవిడ మీటింగు ఇంకా అయ్యుండదు," అన్నాను.

మొదటి రోజు పొద్దున్న కోడలు కొత్త సంచీ తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. నాలుగేళ్ళుగా ఎటు వెళ్ళినా ఆగి అడిగే మాటే అడిగింది.

"అత్తయ్యా, మీరు ఒక్కరూ ఉండగలరా?"

నేను కళ్ళజోడు సర్దుకున్నాను.

"తరవాతివాళ్ళు," అన్నాను.